వార్తల్లో పదం: సెల్ఫ్ ఎఫికసీ

'ఈ పని నేను చేయగలను' అని మనిషి తన మీద పెట్టుకునే నమ్మకమే సెల్ఫ్ ఎఫికసీ. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. ఈ నమ్మకం పనిని బట్టి మారుతుంది. ఇంట్లో చక్రాల కుర్చీని అలవోకగా తిప్పుకునేవారే బస్టాండు దగ్గర వాలు చూసి జంకవచ్చు.

అందుకే కొలత కూడా పనుల వారీగానే ఉంటుంది. కెనడాలో పౌలా రష్టన్, విలియం మిల్లర్ బృందం రూపొందించిన కొలమానం 'వీల్‌కాన్'లో చేతులతో నడిపే కుర్చీ వాడేవారికి 65 అంశాలున్నాయి. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా తామే మార్కు వేసుకోవాలి. ఎత్తుపల్లాలు దాటడమే కాదు, నలుగురిలో నెగ్గుకురావడం, తన అవసరాన్ని గట్టిగా చెప్పడం కూడా అందులో భాగమే. నాకు అన్నింటికన్నా విలువైనవి ఈ చివరి రెండే.

అయితే మార్కు తగ్గడానికి కారణం ఒంట్లోనూ ఉండవచ్చు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు ఒక తరం ఎముకలను బిగదీశాయి. ఈ ఫ్లోరైడ్ వ్యాధి ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడవచ్చు. మిషన్ భగీరథతో నదీజలాలు వచ్చినా వంగిన ఎముకలు తిరిగి సాగవు. భుజాలు, మోచేతులు కూడా బిగుసుకుంటాయి కనుక కుర్చీ తోయడమే కష్టం. అక్కడ తక్కువ మార్కు వస్తే పిరికితనమనుకోవడం అన్యాయం.

పాలమూరు, నల్లగొండ రాతి నేలల్లో ఈ కొలత వాడాలంటే ప్రశ్నలు మన ఊళ్లవి కావాలి: ఆర్టీసీ బస్సు మెట్లు, రేషన్ షాపు అరుగు, మండలాఫీసు గడప. చదువురాని పెద్దలను 'రూపాయిలో ఎన్ని అణాల నమ్మకం?' అని అడగవచ్చు. మార్కు తగ్గిన చోట మనిషికి శిక్షణ ఇవ్వాలి, ర్యాంపు కూడా కట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది.