డిండోలిలో ఎటూ తేలని ఓటు

దేశ రాజధానిలో కూర్చుని ఎన్నికల లెక్కలు కట్టేవారు ఓటర్లను మూడు రాశులుగా పోస్తారు. మనవాళ్లు, ఎదుటివాళ్లు, ఎటూ తేల్చుకోనివాళ్లు. అందరి కన్నూ మూడవ రాశి మీదనే. అయినా ఆ రాశిలోని మనిషి ఎలా ఉంటాడో, ఏమి ఆలోచిస్తాడో అడిగినవారు తక్కువ. లోకం తెలియనివాడనీ, చివరి రాత్రి ఎవరు పలకరిస్తే వారివైపు ఒరిగేవాడనీ ఒక చులకన మాత్రం పార్టీ కార్యాలయాలలో వినిపిస్తుంటుంది. 2024 మే మొదటివారంలో సూరత్ వెళ్లినప్పుడు ఆ అభిప్రాయం ఎంత తప్పో నాకు తెలిసివచ్చింది.

సూరత్ నగరానికి ఆగ్నేయపు అంచున ఉన్నది డిండోలి. ఇక్కడా, పక్కనున్న లింబాయత్, ఉధనా ప్రాంతాలలోనూ తెలుగు మాట వినడానికి వెతకనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ విద్యా సమితి తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే ఇక్కడి మనవారి సంఖ్యను పాఠకులు ఊహించుకోవచ్చు.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు కార్మికుణ్ణి టీ కొట్టు దగ్గర కలిశాను. పగలంతా సాంచాల మోత మధ్య గడిపినవాడు కావడం వల్ల కాస్త గట్టిగా మాట్లాడతాడు. ఓటు ఎవరికని అడిగితే నవ్వాడు.

"ఇంక తెల్వదు సారూ. మా తమ్మునికైతే ఆ రంది లేకపాయె. నాకు తప్పలే."

ఆ తమ్ముడు వరాఛాలో ఉంటాడు. ఊరు ఒకటే అయినా నియోజకవర్గాలు వేరు. వరాఛా సూరత్ లోక్‌సభ స్థానంలోనిది. డిండోలి నవసారి స్థానంలోనిది. సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణి నామినేషన్ మీది సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే చెప్పడంతో ఏప్రిల్ 21న అది తిరస్కరణకు గురైంది. ప్రత్యామ్నాయ అభ్యర్థి నామినేషన్‌కూ అదే గతి పట్టింది. మరునాటికి మిగిలినవారంతా పోటీ నుంచి తప్పుకున్నారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. లక్షలాది ఓటర్లకు ఓటు వేసే పనే లేకపోయింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ అందుకు వీలు కల్పిస్తున్నది.

ఇదే ప్రాంతంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దృశ్యం కూడా పాఠకులకు గుర్తుండవచ్చు. 2022 శాసనసభ ఎన్నికలలో లింబాయత్‌లో 44 మంది పోటీపడ్డారు. ఒక ఓటింగ్ యంత్రం మీద 16 మీటలకే చోటుంటుంది కనుక ఒకదాని పక్కన ఒకటిగా మూడు పెట్టవలసినన్ని పేర్లవి. ఆనాడు పేర్లు ఎక్కువై తికమక. ఈనాడు పక్క నియోజకవర్గంలో పేరే లేక బెంగ.

డిండోలి మిత్రుడి సందేహం తెలియనితనం వల్ల పుట్టినది కాదు. అతని లెక్క అతనికున్నది. నూలు ధర, జీఎస్టీ ఢిల్లీ చేతిలో ఉన్నాయి. కరెంటు గాంధీనగర్ చేతిలో ఉన్నది. నీళ్లు, మురుగు కాలువ, కూతురు చదివిన తెలుగు బడి కార్పొరేషన్ చేతిలో ఉన్నాయి. మూడింటికీ ఒకే పార్టీని ఎన్నుకుంటే పని జరుగుతుందా, వేరువేరు పార్టీలైతే భయముంటుందా అన్నదే అతని ధర్మసందేహం. 2017 జూలైలో జీఎస్టీకి వ్యతిరేకంగా సూరత్ బట్టల వ్యాపారులు దుకాణాలు మూశారు. కూలి పడిపోయిన ఆ రోజులు అతనికి బాగా గుర్తు. అదే ఏడాది డిసెంబరులో నగరంలోని శాసనసభ స్థానాలన్నీ భారతీయ జనతా పార్టీకే దక్కాయి. 2021 కార్పొరేషన్ ఎన్నికలలో మాత్రం 120 స్థానాలలో 27 ఆమ్ ఆద్మీ పార్టీ గెలుచుకోగా, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. మరుసటి ఏడాది శాసనసభలో ఆ గాలి నిలవలేదు. ఈ నగరపు ఓటరు అలుగుతాడు, ఆలోచిస్తాడు, మళ్లీ వెనక్కి వస్తాడు. ఇది చపలత్వమని నేననుకోను.

"నోటా ఒత్తితే ఏమైతది సారూ?" అని అడిగాడు.

సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో వచ్చిన ఆ మీట వల్ల ఫలితం మారదనీ, దానికే అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా అభ్యర్థులలో ముందున్నవారే గెలుస్తారనీ చెప్పాను. అదే ఎన్నికలలో, కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్న ఇందౌర్‌లో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. అక్కడ అసంతృప్తికి కనీసం ఒక అంకె దొరికింది. సూరత్‌లో అదీ దొరకలేదు. ఇటువంటి ఏకగ్రీవాలను ప్రశ్నించే వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఒంటరి అభ్యర్థికి సైతం కనీసపు ఓట్లు రావాలన్న నియమాన్ని ఆలోచించవలసిందిగా న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో కేంద్రానికి సూచించింది.

సొంతూరిలో పేరు ఉంచుకుంటే బాగుండేదేమో అని కూడా అతననుకున్నాడు. తెలంగాణలో పోలింగ్ మే 13న. రెండు చోట్ల పేరుండటానికి చట్టం ఒప్పుకోదు. పోయి వేద్దామంటే నాలుగు రోజుల కూలి. వలసవచ్చినవారు ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రతిపాదించింది గాని, పార్టీల అభ్యంతరాలతో అది ముందుకు సాగలేదు.

నవసారిలో సి.ఆర్. పాటిల్ 2019లో 6 లక్షల 89 వేల ఆధిక్యంతో గెలిచారు. 2024లో అది 7 లక్షల 73 వేలు దాటింది. అంతటి ఆధిక్యం ఉన్నచోట ఎటూ తేల్చుకోనివాణ్ణి బుజ్జగించవలసిన అవసరం గెలిచేవారికి లేదు. ఓడేవారికి ఓపిక లేదు. తన గల్లీకి ఏ పార్టీవారూ రాలేదని అతను చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఎవరూ అడగని ఓటు గురించి ఒక మనిషి రెండు వారాలుగా తర్కించుకుంటున్నాడే, దానికే ఆశ్చర్యపోయాను.

మే 7 సాయంత్రం ఫోను చేశాను. ఎవరికి వేశాడో నేనడగలేదు, అతను చెప్పలేదు. పొద్దున్నే వేసి పనికి పోయాడట. మధ్యాహ్నం తమ్ముడు వచ్చి అన్న వేలిమీది సిరా చూసి, "నాకెందుకు పెట్టలే?" అని ఎగతాళిగా అడిగాడట. అంతలో షిఫ్టు వేళయిందని ఫోను పెట్టేశాడు.