వార్తల్లో పదం: విలీనం

అనుబంధ కాలేజీకి యూనివర్సిటీ సిలబస్, పరీక్ష, పట్టా ఇస్తుంది. జీతాల తంటా కాలేజీదే. విలీనమైతే ఆస్తులు, అప్పులు, అధ్యాపకులు అన్నీ యూనివర్సిటీ నెత్తికే. అనుబంధ పద్ధతిని 15 ఏళ్లలో దశలవారీగా ఎత్తేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పడంతో చిన్న కాలేజీలకు ఈ మాట దగ్గరైంది. మన జిల్లాలకిది మరీ కొత్తదేం కాదు. నల్లగొండలో మహాత్మాగాంధీ (2007), మహబూబ్‌నగర్‌లో పాలమూరు (2008) యూనివర్సిటీలు ఉస్మానియా పీజీ కేంద్రాల పునాది మీదే లేచాయి. ఉస్మానియా బోర్డు పోయి కొత్త బోర్డు వచ్చింది.

విలీనమంటే ఊరి కాలేజీకి తాళమేనన్న భయం ఉత్తదేం కాదు: దేవరకొండలో బస్సు దిగి క్లాసుకెళ్లే అమ్మాయిని నల్లగొండ దాకా ఇంట్లో పంపుతారా? అందుకే క్లాసు అక్కడే ఉంచి ల్యాబు, లైబ్రరీ, అధ్యాపకులను పంచుకోవాలి. పంచడానికి ముందు యూనివర్సిటీలోనే ఖాళీలు నిండాలి మరి!