ఉంగరం ఎప్పటి నుంచి పట్టడం లేదు?

బీపీ చూపించుకోవడానికి నలభై ఏళ్ల వ్యక్తి ఓపీకి వచ్చాడు. పెళ్లి ఉంగరం వేలికి పట్టడం లేదు, చెప్పుల సైజు రెండుసార్లు మారింది. అడిగితే 'ఒళ్లు చేశాను లెండి' అంటాడు. నర్సుకు ఇక్కడే అనుమానం రావాలి. నెమ్మదిగా వచ్చే ఈ మార్పు రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియదు. కొత్తగా చూసే మీకు తెలుస్తుంది. పాత ఫొటోతో ముఖాన్ని పోల్చి చూడండి.

ఏమిటీ జబ్బు?

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఏర్పడితే గ్రోత్ హార్మోన్ అతిగా తయారవుతుంది. ఈ గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు. ఎముకలు ఇంకా ఎదిగే వయసులో ఇలా జరిగితే ఎత్తు విపరీతంగా పెరుగుతుంది. అది జైగాంటిజం. పెద్దల్లో ఎత్తు పెరగదు. చేతులు, పాదాలు, దవడ, ముక్కు పెరుగుతాయి. అది అక్రోమెగలీ. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియర్ మరీ ఈ పేరు పెట్టారు. చెమట, తలనొప్పి, గురక, షుగర్, బీపీ తోడవుతాయి. గడ్డ కంటి నరాలను నొక్కితే రెండు పక్కలా చూపు తగ్గుతుంది.

నిర్ధారణకు ముందుగా ఐజీఎఫ్-1 రక్తపరీక్ష చేస్తారు. గ్లూకోజ్ తాగిస్తే గ్రోత్ హార్మోన్ తగ్గాలి, వీరిలో సరిగా తగ్గదు. గడ్డను ఎంఆర్‌ఐలో చూస్తారు.

ఆపరేషన్ తర్వాతే అసలు డ్యూటీ

ఎక్కువమందికి ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి గడ్డ తీస్తారు. అవసరమైతే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు, రేడియేషన్ ఇస్తారు. వార్డులో ఇవి మరవొద్దు:

* మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలి.
* ముక్కు చీదడం, ముందుకు వంగడం, ముక్కి విరేచనానికి వెళ్లడం వద్దు. తుమ్ము ఆగకపోతే నోరు తెరిచి తుమ్మమనాలి.
* మూత్రం వరుసగా రెండు మూడు గంటలు గంటకు 200 మి.లీ. దాటినా, దాహం ఆగకపోయినా డయాబెటిస్ ఇన్సిపిడస్‌ను అనుమానించి డాక్టర్‌కు చెప్పాలి.
* చూపు తగ్గిందేమో తరచూ పరీక్షించాలి.

'నా ముఖం మళ్లీ మామూలవుతుందా సిస్టర్?' అని చాలామంది అడుగుతారు. వాపు కొంత తగ్గుతుంది కానీ పెరిగిన ఎముక వెనక్కి పోదు. ఆ నిజాన్ని మెల్లగా చెప్పండి, ఉత్తుత్తి భరోసా ఇవ్వొద్దు.

మీరైతే ఏం చేస్తారు?

ఎయిమ్స్ నార్‌సెట్‌కు సిద్ధమవుతున్నవారు ఇలా సాధన చేయండి. ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంట్ 'జలుబు చేసింది, ముక్కు నీళ్లలా కారుతోంది' అన్నాడు. ముందు ఏం చేస్తారు?

జలుబని వదిలేయొద్దు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, మెనింజైటిస్‌కు దారితీయొచ్చు. ముక్కు చీదొద్దని చెప్పి, తలవైపు ఎత్తుగానే ఉంచి, వెంటనే డాక్టర్‌కు తెలపాలి. పరీక్షకు పంపేందుకు ఆ ద్రవాన్ని సేకరించాలి. పరీక్షలో ఇది ఒక మార్కు కావచ్చు, వార్డులో మాత్రం ఒక ప్రాణం.