డ్యూయల్ బూట్: విండోస్ కావాలంటే ఉబుంటు వస్తోందా? ఈ ఒక్క లైన్ మార్చితే చాలు!

ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ నడుస్తోంది. రీస్టార్ట్ అయ్యేలోపు టీ తాగొద్దామని లేచారు. తిరిగొచ్చి చూస్తే స్క్రీన్‌పై ఉబుంటు! అప్‌డేట్ మాత్రం సగంలోనే ఆగిపోయింది.. రెండు ఆపరేటింగ్ సిస్టమ్స్ వాడేవారికి ఇది తెలిసిన తలనొప్పే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ సపోర్ట్ ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు వేసుకోవాలనుకునే వారూ ఈ విషయం ముందే తెలుసుకోవడం మంచిది.

అసలు ఎందుకిలా?

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఏ సిస్టమ్ లోడ్ కావాలో చూసే చిన్న ప్రోగ్రామే బూట్ లోడర్. ఉబుంటులో దీని పేరు గ్రబ్. ఇది ఒక మెనూ చూపించి, దాదాపు 10 సెకన్లు ఆగుతుంది. ఆలోపు ఏ కీ నొక్కకపోతే మొదటి లైన్‌లో ఉన్న ఉబుంటునే తెరిచేస్తుంది.

ఎలా మార్చాలి?

* మెనూలో విండోస్ ఎన్నో లైన్‌లో ఉందో చూసుకోండి. లెక్క 1 నుంచి కాదు, 0 నుంచి మొదలవుతుంది. అంటే మూడో లైన్‌లో ఉంటే నంబర్ 2 అన్నమాట.

* ఉబుంటులో 'ఈటీసీ' ఫోల్డర్, అందులో 'డీఫాల్ట్' ఫోల్డర్, అందులో 'గ్రబ్' అనే ఫైల్ ఉంటుంది. ముందు దాని కాపీ ఒకటి దాచుకోండి. తర్వాత టెర్మినల్ నుంచి 'సుడో'తో ఆ ఫైల్ ఓపెన్ చేసి, 'గ్రబ్_డీఫాల్ట్=0' లైన్‌లో 0 తీసేసి మీ నంబర్ పెట్టండి. = గుర్తుకు అటూఇటూ స్పేస్ ఇవ్వొద్దు.

* సేవ్ చేశాక టెర్మినల్‌లో 'సుడో అప్‌డేట్-గ్రబ్' కమాండ్ ఇవ్వాలి. ఇది మర్చిపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

నంబర్ మారిపోతే?

మెనూలో కొత్త లైన్ చేరితే విండోస్ కిందికి జరగొచ్చు. అప్పుడు మీరు పెట్టిన నంబర్ ఇంకోదాన్ని తెరుస్తుంది. ఈ గొడవ వద్దనుకుంటే నంబర్ బదులు 'సేవ్డ్' అని రాసి, దాని కింద 'గ్రబ్_సేవ్‌డీఫాల్ట్=ట్రూ' అనే లైన్ చేర్చి, మళ్లీ అదే కమాండ్ ఇవ్వండి. ఇక మీరు చివరిసారి ఏది ఎంచుకుంటే అదే తెరుచుకుంటుంది. విండోస్‌లోకి వెళ్లి అప్‌డేట్ పెట్టారంటే, రీస్టార్ట్ ఎన్నిసార్లయినా విండోసే వస్తుంది.

మళ్లీ ఉబుంటునే కావాలా? ఆ కొత్త లైన్ తీసేసి, 0 పెట్టి, కమాండ్ ఇస్తే సరి. ఈసారి టీ నిశ్చింతగా తాగొచ్చు!