మూలుగలో నెత్తురు పుట్టు విధము

అనంతపురము జిల్లాలోని కుందుర్పి వంటి మెట్టసీమలో వాన తప్పిన యేట ముందుగా ఎండిపోవునది పెరటి ఆకుమడి. రాగిముద్దతో కడుపు నిండును గాని, అదొక్కటే నెత్తురు పుట్టుటకు చాలదు. గర్భిణులు పాలిపోవుట, నాలుగడుగులు నడువగనే ఆయాసపడుట శ్రోతలెరిగినదే. ఇనుము కొరవడుటయే ఇందులకు ముఖ్యకారణము. ఇంకొక కారణమును గూర్చి మేమిచట మనవి చేయుచున్నాము.

నెత్తురులోని ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు. నశించినవాని స్థానమున ఎముకల మూలుగ సెకనుకు దాదాపు 20 లక్షల క్రొత్తకణములను పుట్టించుచుండును. ఒక కణము రెండుగను, రెండు నాలుగుగను చీలుటచేతనే ఇది జరుగును. చీలుటకు ముందు కణము తనలోని డి.ఎన్.ఎ.కు మరియొక ప్రతిని సిద్ధపరచుకొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లమను విటమిను కావలెను. ఆ విటమినును పనికివచ్చు రూపమునకు మార్చుటకు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అను మాంసకృత్తు కావలెను. విత్తనము, గొఱ్ఱు రెండును ఉన్నగాని విత్తు పని సాగనట్లే, ఈ రెండును కలిసినగాని కణవిభజన సాగదు. విటమిను కొరవడినచో కణము పెరుగును గాని సకాలమున చీలజాలదు. అప్పుడు నెత్తురులోనికి చేరునవి కొలదిపాటి పెద్దకణములే.

ఈ రహస్యము బయటపడుటకు మన దేశమే కొంత ఆధారమైనది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన డాక్టరు లూసీ విల్స్, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లముదని పిమ్మట తేలినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసిరి. అచటనే తయారైన అమినోప్టెరిన్ అను మందు పై మాంసకృత్తును అడ్డగించును. దానితో రక్తక్యాన్సరు సోకిన బాలలకు తాత్కాలికముగా నెమ్మదించినదని 1948లో సిడ్నీ ఫార్బర్ వెల్లడించెను. నెత్తురు పుట్టుటకు తెరచిన తలుపే, మితిమీరి పెరుగు కణములకు మూయదగిన తలుపైనది.

గృహిణులు గమనింపవలసిన దేమన: అలసందలు, పెసలు, శనగలు, వేరుసెనగలు ఈ విటమినును ఇచ్చును, ఇవి ఆకుకూరవలె వాడిపోక ఇంట నిలువయుండును. ఆకుకూర దొరికిననాడు అతిగా ఉడికించి నీరు పారబోయరాదు. గర్భిణులు ఆరోగ్యకేంద్రములో ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము బిళ్లలను మానరాదు. అప్పటికిని నీరసము తగ్గనిచో నెత్తురు పరీక్ష చేయించవలెను. బి-12 విటమిను లోపించినను ఇవే చిహ్నములు కనబడును.