పొడిదే పెత్తనం

లేసర్ కిరణంతో వస్తువులను పొరలు పొరలుగా తయారుచేసే యంత్రాల మాట ఇప్పుడు విననివారు అరుదు. అందరూ యంత్రాన్నే పొగుడుతారు. కాని వస్తువు గట్టిగా నిలుస్తుందా, వంకర తిరుగుతుందా అన్నది తేల్చేది అందులో పోసే పొడి. ఆ పొడి సంగతే ఇక్కడ చెప్పదలచాను.

పద్ధతి చెప్పడానికి సులువే. పిండిలాంటి ప్లాస్టిక్ పొడిని మిల్లీమీటరులో పదోవంతు మందాన పరుస్తారు. వస్తువు ఉండవలసిన చోట మాత్రమే లేసర్ గీస్తుంది. అక్కడ పొడి కరిగి అంటుకుంటుంది. దానిమీద మరో పొర, మళ్ళీ గీత. అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ డిగ్రీ చదువుతుండగానే ఈ ఆలోచన చేశాడు. ప్రొఫెసర్ జో బీమన్ అండతో దాన్ని ఆచరణలోకి తెచ్చి, 1986లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మనలాంటి విద్యార్థే సుమా!

ప్లాస్టిక్కులు ఎన్ని రకాలున్నా ఈ పనికి ఎక్కువగా వాడేది నైలాన్ 12. ఎందుకని? నెయ్యి చూడండి. కరిగిన నెయ్యి పొయ్యి దించగానే పేరుకోదు కదా. నైలాన్ 12 పొడి సుమారు 185 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. కరిగింది చల్లారి సుమారు 150 దగ్గరికి వస్తేగాని గట్టిపడదు. ఈ రెంటి నడుమ, 170 ప్రాంతంలో, పొడి మొత్తాన్ని వేడిగా ఉంచుతారు. అందువల్ల గీసిన పొర వెంటనే బిగుసుకుని అంచులు లేవదు. పని అంతా అయ్యాక గంటల తరబడి నెమ్మదిగా చల్లారుస్తారు. ఇంత ఎడం ఉన్న ప్లాస్టిక్కులు బహు కొద్ది.

గింజ తీరు కూడా ముఖ్యమే. చేట వంచితే ఆవాలు జారినట్లు పొడి జారాలి. గింజ పరిమాణం 50, 60 మైక్రాన్ల దగ్గర ఉంటే బాగా పరుచుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, పోసిన పొడిలో వస్తువయ్యేది కొంచెమే. మిగిలినది అన్ని గంలూ ఆ వేడిలోనే ఉండి ముసలిదవుతుంది. అణు గొలుసులు పొడవెక్కి, కరిగినా సరిగా పారదు. వస్తువు పైభాగం కమలాపండు తొక్కలా గరుకుదేలుతుంది. బజ్జీల మూకుడులో మరిగి మరిగి చిక్కబడ్డ నూనె గుర్తుకొస్తుంది. అందుకే పాతదానిలో మూడోవంతు నుంచి సగం దాకా కొత్త పొడి కలుపుతారు. చివరికి కొంత పారేయక తప్పదు. పొదుపైన పద్ధతి అనేవాళ్ళు ఈ లెక్క చెప్పరు!

నైలాన్ 12 పెట్రోలియం సరుకు. 2012 మార్చి 31న జర్మనీలోని మార్ల్‌లో దాని ముడిసరుకు తయారయ్యే కర్మాగారంలో పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ ఒక్క దెబ్బకు ప్రపంచమంతటా కొరత వచ్చింది.

దానికి దగ్గరి చుట్టం నైలాన్ 11. సాగే గుణం దీనికే ఎక్కువ, సులభంగా విరగదు. ఇది పుట్టేది ఆముదం నుంచి! మహబూబ్‌నగర్, నల్లగొండ చెలకల్లో వానమీద పండే ఆముదమే. నూనెలోని రిసినోలియిక్ ఆమ్లాన్ని ఎస్టరుగా మార్చి, అధిక వేడిలో విడగొడితే పదకొండు కార్బన్ల ముక్క వస్తుంది. దానికి హైడ్రోజన్ బ్రోమైడును మార్కోవ్నికాఫ్ నియమానికి ఎదురుగా కలిపి, ఆపైన అమోనియాతో చర్య జరుపుతారు. ఇవన్నీ మన బి.ఎస్.సి. పుస్తకంలో పరీక్షకోసం బట్టీపట్టే చర్యలే. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశం, అందులోనూ గుజరాత్. మార్కెట్ యార్డులో మా నాయన గింజలను క్వింటాళ్ళ లెక్కన తూచి అమ్ముతాడు; అదే సరుకు నైలాన్ పొడిగా మారాక కిలోల లెక్కన ధర పలుకుతుంది.