మద్రాసు మన నేల మీద ఎలా పుట్టింది? మనకెలా పోయింది? ఒక్క పుస్తకమే కొనాలంటే...

చంద్రగిరి కోటకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రాజమహల్ ముందు నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. 1639లో ఈ చంద్రగిరి రాజు ఏలుబడిలోనే దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి సముద్రం ఒడ్డున కాస్త ఇసుక నేల రాసిచ్చాడు. అక్కడ లేచిన కోట చుట్టూ పెరిగిందే మద్రాసు. సరే, ఆ తర్వాతి కథ చదవాలని ఉంది. చేతిలో డబ్బు మాత్రం ఒక్క పుస్తకానికే ఉంది. ఏది కొనాలి?

ఫోన్లో ఎక్కువ తగిలేది శశి థరూర్. 2015లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ఆయన మాట్లాడిన వీడియో వైరల్ అయింది. దాన్నే పెంచి మరుసటి ఏడాది 'ఎన్ ఎరా ఆఫ్ డార్క్‌నెస్' రాశారు. చదువుతుంటే రక్తం ఉడుకుతుంది. కానీ అది లాయరు వాదన. రైళ్లు, కరువులు, పన్నులు, అన్నీ బ్రిటిష్‌వాళ్ల మీద కేసు గెలవడానికే వరసగా వస్తాయి. కాలేజీ డిబేట్‌కైతే కళ్లు మూసుకుని ఇదే కొనండి. కథ కావాలంటే చాలదు.

కథ చెప్పడంలో విలియం డాల్రింపుల్ దిట్ట. 2019లో వచ్చిన 'ది అనార్కీ' లండన్ వ్యాపారులు కంపెనీకి పునాది వేసిన 1599లో మొదలై, ఢిల్లీ వాళ్ల చేతికి చిక్కిన 1803 దాకా నడుస్తుంది. చిక్కల్లా, అందులో సింహభాగం బెంగాల్, ఢిల్లీలదే. అయినా 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పులు కంపెనీ సైన్యాన్ని మట్టి కరిపించిన ఘట్టం ఉంది చూశారూ, నోటిఫికేషన్లు మోగినా పట్టించుకోరు. ఆ హైదర్ రెండేళ్లకు కన్నుమూసింది మన చిత్తూరు దగ్గరి శిబిరంలోనే!

రామచంద్ర గుహ 'ఇండియా ఆఫ్టర్ గాంధీ' దిండంత లావు. భయపడకండి, మొదటి పేజీ నుంచే చదవక్కర్లేదు. తిన్నగా భాషా రాష్ట్రాల అధ్యాయానికి వెళ్లండి. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 'మద్రాస్ మనదే' అని ఎంత అరిచినా అది మాత్రం దక్కలేదు. 1960లో చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి కూడా అటే పోయింది.

నన్నడిగితే, మన వైపు పిల్లలు ముందు గుహనే పట్టుకోవాలి. ఇంట్లో అవ్వాతాతలు పట్నం అంటే ఇప్పటికీ మద్రాసునే ఎందుకు అనుకుంటారో అక్కడ అర్థమవుతుంది. డాల్రింపుల్‌ని తర్వాతి నెల చూసుకోవచ్చు. ఏది కొన్నా ముందు వెనక పేజీల్లోని సూచిక తిప్పి మద్రాసు, చిత్తూరు, హైదర్ ఎన్ని పేజీల్లో ఉన్నారో లెక్కపెట్టండి.